గంగమ్మకు పూసిన పసుపు

నడిమికుప్పం
జనవరి 7

దుర్గ వదినకు,

రోజా నమస్కారాలు. ఫోను చేతిలో ఉండగా ఈ ఉత్తరమేమిటని నవ్వుకోకు. ఫోనులో నీ గొంతు వినగానే నాకు ఏడుపొస్తుంది. నేను ఏడిస్తే పక్కనున్న అత్త ఏడుస్తుంది. ఇక మాట సాగదు. అత్తకు చదువు రాదు కాబట్టి కాగితం మీదైతే మనసులో ఉన్నదంతా రాసుకోవచ్చు. ఐసు బండి సుధాకర్ మీ వైపు వస్తూ పోతూ ఉంటాడు కదా, అతని చేత పంపుతున్నాను. జవాబు కూడా అతనికే ఇవ్వు.

నీ తమ్ముడు ఇల్లు వదిలి ముప్ఫై నాలుగు రోజులైంది. తుపాను వస్తోందని మైకులో అరుస్తూనే ఉన్నారు. నీళ్ళు సముద్రంలో కలిసే మొగ దగ్గర వేసిన వలలు కొట్టుకుపోతాయని ఒక్కడే పడవ తీసుకుని వెళ్ళాడు. "అన్నం పెట్టి ఉంచుమే, వచ్చేస్తా" అన్నాడు. పడవ దొరికింది, వలలు దొరికాయి, మనిషి దొరకలేదు. నువ్వొచ్చి వారం ఉండి వెళ్ళిన తర్వాత కూడా మనవాళ్ళు రెండుసార్లు వెతికొచ్చారు.

నిన్న పోలేరయ్య మామ ఇంటికొచ్చాడు. కులపెద్ద కాబట్టి అడగక తప్పదంటూనే అడిగాడు. "మునెయ్య సంగతి ఏదో ఒకటి తేల్చుకోండమ్మా. ఎండాకాలం వస్తే జాతర. గంగమ్మ పుట్టినిల్లు మైలలో ఉంటే కుదరదు గదా" అన్నాడు. వెనకాలే ఆయన భార్య కామమ్మత్త. నా తల వంక చూసి "ఏమ్మే, ఇంకా పూలు పెట్టుకోనుండావా" అన్నది.

పుట్టి పెరిగిన ఇల్లు, నీకు నేను చెప్పాలా? నాలుగు తరాలుగా అమ్మవారి పుట్టినిల్లు మనదే. మన వాకిట్లోనే ఆమెను మట్టితో చేయాలి, మనింటి కోడలే తన తాళికి పసుపు పూసుకుని, ఆ చేత్తోనే ఆమెకు తొలి పసుపు పూయాలి, అప్పుడే ఆమె అత్తింటి పందిరికి కదలాలి. ఇంట్లో ఆ యేడు చావు జరిగితే పుట్టినిల్లు ఇంకో ఇంటికి పోతుంది. పోతే మళ్ళీ తిరిగి రాదు. కామమ్మత్త ఇల్లే ఆ ఇంకో ఇల్లని ఊరందరికీ తెలుసు. అత్త భయమంతా అదే. నా భయం అది కాదు వదినా. గంగమ్మ ఎవరింట్లో పుట్టినా నాకు ఆయన కావాలి.

ఈ కాలంలో నీరు దక్షిణానికే లాగుతుందట. ఇక్కడ పోయిందేదైనా మీ ఒడ్డుకే చేరుతుందని అందరూ అంటున్నారు. మీ వాళ్ళనందరినీ అడుగు. ఏ మాటైనా సరే నాకు చెప్పు. ఎంత చెడ్డ మాటైనా చెప్పు. తట్టుకుంటాను.

రోజా

* * *

తెన్నంకుప్పం
జనవరి 19

సౌభాగ్యవతి రోజాకు,

నీ ఉత్తరం అందింది. మా ఇంటాయన, అదే మీ అన్న కూడా, పడవల వాళ్ళందరూ కూడా ఇక్కడ ఎవరూ ఏమీ చూడలేదన్నారు. నేను స్వయంగా అడిగాను. నువ్వు మనసు చెదరగొట్టుకోకు.

ఆ తుపానులో తప్పిపోయి శ్రీలంక వైపు కొట్టుకుపోయినవాళ్ళు ఉన్నారని ఇక్కడ చెప్పుకుంటున్నారు. అక్కడివాళ్ళు పట్టుకుని జైల్లో పెడితే కబురు రావడానికి నెలలు పడుతుందట. ఏడాదికి తిరిగొచ్చినవాళ్ళు కూడా ఉన్నారట.

బొట్టు తీయకు. ఎవరు ఎన్నన్నా పూలు మానకు. కామమ్మ పెద్దమ్మ నోటికి మూత నేను వేయలేను గాని, నువ్వు పట్టించుకోకు.

వాడు చిన్నప్పుడు ఎంత అల్లరివాడో నీకు తెలియదు. జాతరకు అమ్మవారిని చేస్తుంటే కుమ్మరాయన కళ్ళు గప్పి మట్టి ముద్ద దొంగిలించి దాంతో పీతలు చేసి నా మీద వేసేవాడు. ఒకసారి అమ్మవారికి వేలు తక్కువైందని ఊరంతా గోల. ఆ వేలు వీడి జేబులో ఉంది.

అమ్మను జాగ్రత్తగా చూసుకో.

దుర్గ

* * *

నడిమికుప్పం
ఫిబ్రవరి 11

వదినా,

శ్రీలంక మాట రాసి నా ప్రాణం నిలబెట్టావు. ఆ మాట ఎందుకు తోచలేదో నాకు! పదో తరగతి దాకా చదివినదాన్ని, ఆ మాత్రం బుర్ర ఉండొద్దూ? నెల్లూరు కలెక్టరాఫీసుకు వెళ్ళి అర్జీ ఇచ్చాను. ఫొటో అడిగితే పెళ్ళి ఫొటో ఇచ్చాను. అక్కడి గుమాస్తా మంచివాడు. "ఇద్దరూ ఉన్న ఫొటో వద్దమ్మా, ఆయనది ఒక్కటే కావాలి" అన్నాడు. ఒక్కడే ఉన్న ఫొటో లేదు. ఫొటో తీస్తామంటే నన్ను పక్కకు లాక్కునేవాడు కదా. చివరికి నన్ను కత్తిరించి ఇచ్చాను.

రోజూ ఆయనకు కంచం పెడుతున్నాను. చొక్కాలు వారానికొకసారి ఉతికి ఆరేస్తున్నాను, ముక్క వాసన పట్టకుండా. వచ్చినవాడు చిక్కిపోయి వస్తాడు కదా, అవి వదులవుతాయేమోనని ఒక్కోసారి నవ్వొస్తుంది. జైల్లో అన్నం పెడతారా వదినా? సాంబారు పోస్తే తినడు. పులుసు లేందే ముద్ద దిగదు మనిషికి.

ఒక మాట. సుధాకర్ చెప్పాడు, నీ తల్లో పూలు లేవట, చేతికి రెండే గాజులట. "మీ వదిన చిక్కిపోయిందక్కా" అన్నాడు. ఏమైంది? అన్నతో ఏమైనా గొడవా?

రోజా

* * *

తెన్నంకుప్పం
మార్చి 2

సౌభాగ్యవతి రోజాకు,

గొడవేమీ లేదు. మీ అన్న దేవుడు. నేనే మొక్కుకున్నాను. ఇంతకంటే ఏమీ లేదు. సుధాకర్‌కు ఐసు అమ్ముకోమని చెప్పు, ఆడవాళ్ళ తలలు చూసుకుంటూ తిరగొద్దని చెప్పు.

అర్జీ ఇచ్చి మంచి పని చేశావు. కాని మళ్ళీ మళ్ళీ నెల్లూరు వెళ్ళి తిరగకు. ఎండలు ముదురుతున్నాయి.

కంచం పెట్టడం మానెయ్యి రోజా. ఊరికే అంటున్నాను. నీ మనసుకు కష్టమని అంటున్నాను.

దుర్గ

* * *

నడిమికుప్పం
ఏప్రిల్ 18

వదినా,

చేపలు గుడ్లు పెట్టే కాలమని రెండు నెలలు సముద్రం మీద వేట ఆపేశారు. పడవలన్నీ ఒడ్డెక్కాయి. ఊళ్ళో మగవాళ్ళందరూ ఇళ్ళలోనే ఉన్నారు, మనింట్లో తప్ప.

ఆదివారం ఊరి పెద్దలు జాతర గురించి కూర్చున్నారు. మళ్ళీ అదే మాట. నాలుగు నెలలు దాటింది, మునెయ్య ఉన్నాడా లేడా? కామమ్మత్త తన ఇంటికి వెల్ల కూడా వేయించింది. అప్పుడు అత్త లేచింది. ఆడవాళ్ళు మాట్లాడని చోట లేచి నిలబడింది. "నా కొడుకు శవాన్ని తెచ్చి నా ముందర పెట్టండి. అప్పుడు మైలంటాను. పెట్టలేకపోతే నోరు మూసుకోండి" అన్నది.

పోలేరయ్య మామ నా వైపు తిరిగాడు. "పోయిందేదైనా దుర్గ వాళ్ళ ఒడ్డుకే చేరాల. ఆ పిల్ల ఏమంటా ఉండాది?" అని అడిగాడు. నీ జనవరి ఉత్తరం తెచ్చి అందరి ముందు చదివాను. ఎవరూ ఏమీ చూడలేదన్న ముక్క రెండుసార్లు చదివించాడు. "తోడబుట్టిన ఆడబిడ్డ అబద్ధం రాయదు. ఈ యేడు కూడా అమ్మ ఆ ఇంట్లోనే పుడతాది. పసుపు రోజానే పూస్తాది" అని తేల్చేశాడు.

చూశావా, నీ మాట మీద నిలబడ్డాం.

మే నెల పద్నాలుగు మంగళవారం జాతర. అమ్మవారి వెంట సారె గంప మోయాల్సింది ఇంటి ఆడపడుచు. పోయినేడు నువ్వు మోశావు, వెనక నీ తమ్ముడు డప్పుల ముందు చిందులేశాడు. ఈ యేడు రెండు రోజులు ముందే రా. నువ్వొస్తే నాకు సగం ఆయన వచ్చినట్టు. నీ కళ్ళు ఆయన కళ్ళే కదా.

రోజా

* * *

తెన్నంకుప్పం
ఏప్రిల్ 29

సౌభాగ్యవతి రోజాకు,

రాలేను. మా అత్తకు కాలు విరిగింది. మంచం మీద ఉంది. వదిలి రావడానికి లేదు.

సారె గంప కామమ్మ పెద్దమ్మ కూతురికి ఇవ్వండి. నేను మోయకపోయినా అమ్మవారు ఏమీ అనుకోదు.

పసుపు నువ్వే పూయి.

దుర్గ

* * *

నడిమికుప్పం
మే 17

వదినా,

కోపంగా ఉంది నీ మీద. రెండు గంటల దారి. ఒక్క రోజు మీ అత్తను ఎవరూ చూసుకోలేరా? గంప కామమ్మత్త కూతురు మోసింది. అత్త ముఖం తిప్పుకుంది. అయినా జాతర ఎలా జరిగిందో నీకు చెప్పకుండా ఉండలేను, కాబట్టి రాస్తున్నాను.

ఆదివారం తెల్లవారకముందే కుమ్మరి మాలకొండయ్య చిట్టమూరు నుంచి వచ్చేశాడు. గట్టు మట్టి తెచ్చి, వాకిట్లో పోసి తొక్కాడు. సాయంత్రానికి నడుము, సోమవారానికి చేతులు, మంగళవారం పొద్దుటికి ముఖం. ఒక్క కళ్ళు మాత్రం మిగిల్చాడు. నేను తలస్నానం చేసి, ఎర్రంచు పసుపు చీర కట్టుకుని కూర్చున్నాను. వాకిలి నిండా జనం. తాళి బయటికి తీసి పసుపు పూసుకున్నాను. ఆ చేత్తోనే అమ్మ బుగ్గలకు పూశాను. పచ్చి మట్టి చల్లగా తగిలింది. మాలకొండయ్య అమ్మకు కళ్ళు దిద్దాడు. డప్పులు మోగాయి.

పుట్టింట్లో ఉన్నంతసేపు అమ్మను ఏమీ కోరకూడదని నీకు తెలుసు. కూతురు ఇంటికొస్తే పెట్టాలి గాని అడుగుతామా అని అత్త నాకు పెళ్ళయిన కొత్తలోనే చెప్పింది. కోరికలన్నీ అత్తింటి పందిట్లో కోరుకోవాలి. కాని నేను ఆగలేకపోయాను. పసుపు పూస్తూ పూస్తూ చెవి దగ్గర అడిగేశాను. "నీకు సారె పెట్టే చేతులు బోడివి చెయ్యకు తల్లీ. ఆయన్ను పంపించు" అన్నాను. ఎవరికీ వినబడలేదు. నువ్వు కూడా ఎవరికీ చెప్పకు.

అత్త సంతోషం నువ్వు చూడాల్సింది. చీర, గాజులు, చలిమిడి, చేపల పులుసు, అన్నీ తన చేత్తోనే గంపలో సర్దింది. అమ్మవారు గడప దాటుతుంటే, కన్న బిడ్డను పంపుతున్నట్టే ఏడ్చింది. "ఈ యేడు గడిచింది. పైయేటికి మునెయ్య ఉంటాడు" అన్నది.

బుధవారం సాయంత్రం నీళ్ళలోకి తీసుకెళ్ళారు. ముఖం ఉన్నదాన్ని ముంచకూడదని మాలకొండయ్య తడి చేత్తో ముఖం చెరిపేశాడు. ప్రతి యేడూ జరిగేదే. పోయినేడు పక్కన ఆయన ఉన్నాడు, నేను తల తిప్పుకుంటే నవ్వాడు. ఈసారి చూస్తూనే నిలబడ్డాను. నేను పూసిన పసుపు మాలకొండయ్య వేళ్ళకు అంటుకుంది.

నాకేమో గట్టి నమ్మకం కలిగింది వదినా. వస్తాడు. వేట మళ్ళీ మొదలయ్యేలోపు కబురొస్తుంది చూడు.

రోజా

* * *

తెన్నంకుప్పం
మే 26

రోజాకు,

సౌభాగ్యవతి అని రాయడం లేదు. ఎందుకో నీకు తెలిసిపోయే ఉంటుంది. కూర్చుని చదువు. అమ్మ పక్కన లేకుండా చదువు.

తమ్ముడు లేడు. డిసెంబరు పదిహేడున మా ఊరికి దక్షిణంగా ఇసుక దిబ్బ మీదకు వచ్చాడు. వాడితో పాటు ఇంకెవరిదో శవం కూడా వచ్చింది. ఊళ్ళో ఆడవాళ్ళం చూడ్డానికి వెళ్ళాం. ముఖం చూసి ఎవరూ గుర్తుపట్టే స్థితి లేదు. ఎడమ చేతి మీద పచ్చబొట్టు ఉంది. రోజారమణి అని పూర్తిగా పొడిపించుకోబోయి నొప్పికి తాళలేక రోజా దగ్గర ఆపేయించాడు కదా. ఆ రెండక్షరాలు ఉన్నాయి.

గుర్తుపట్టగలరా అని స్టేషను నుంచి వచ్చినతను అందరినీ అడిగాడు. నన్ను కూడా అడిగాడు. తెలియదన్నాను. ఎక్కడో దూరంవాళ్ళయ్యుంటారని ఊళ్ళో అందరూ అనుకున్నారు.

మీ ఇంటి నుంచి బయల్దేరేటప్పుడు అమ్మ నా చెయ్యి పట్టుకుని "అమ్మవారు మనింటి నుంచి కదలకపోతే నేను బతకను బిడ్డా" అన్నది. ఆ మాటే చెవిలో మోగింది. తెలుసు అంటే ఆ రోజుతో మైల. పుట్టినిల్లు పోతుంది. నీ బొట్టు పోతుంది. జాతర దాటిపోతే చెబుదాం, అప్పటిదాకా మోద్దాం అనుకున్నాను. మీ అన్నకు మాత్రం చెప్పాను. వద్దన్నాడు, చెప్పెయ్యమన్నాడు. కాళ్ళు పట్టుకుని ఒట్టు వేయించుకున్నాను. గుర్తు తెలియనివాళ్ళని రాసుకున్నాక ఊరివాళ్ళు ఇద్దరినీ దిబ్బ వెనకే పక్కపక్కన పూడ్చారు. ఒక్కొక్కరూ గుప్పెడు ఇసుక వేశారు. అందరితోపాటు నేనూ వేశాను. నా తమ్ముడికి నేను పరాయిదానిలాగా వేశాను.

నువ్వు మొదటి ఉత్తరం రాసేనాటికి ఇరవై రోజులైంది.

మా అత్త కాలు బాగానే ఉంది. మైల పడ్డ చేతులతో గంప ఎలా మోయను? అందుకే రాలేదు. పూలు మానింది మొక్కు వల్ల కాదు.

ఇదంతా నీ కోసం, అమ్మ కోసం అని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. పూర్తిగా నిజం కాదు. నీకు చెప్పే ధైర్యం లేకపోయింది. శ్రీలంక అని రాసిన రోజు, నువ్వు ఇంకొక్క నెల ఏడవకుండా ఉంటే చాలనుకున్నాను. తర్వాత ప్రతి ఉత్తరానికీ నీ ఆశ పెరుగుతుంటే, వెనక్కి తీసుకోవడం చేతకాలేదు. పద్దెనిమిదో తారీఖున నీ ఉత్తరం వచ్చింది. అమ్మవారి చెవిలో అడిగావని చదివాక ఇక దాచలేకపోయాను.

నన్ను ఏమన్నా అను. ఊళ్ళో ఏ శిక్ష వేసినా పడతాను.

దుర్గ

* * *

నడిమికుప్పం
జూన్ 3

దుర్గకు,

వదినా అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

సుధాకర్ నీ ఉత్తరం ఇచ్చేసరికి అత్త వాకిట్లో రొయ్యలు ఆరబెడుతోంది. ఆమె పక్కన లేకుండా చదవమన్నావు, సగం చదివేసరికి ఆమె వచ్చి ఎదురుగా కూర్చుంది. "ఏం రాసిందిమే నా బిడ్డ? చదువు" అన్నది. చదివాను. మీ అత్త కాలు కట్టు విప్పారనీ, నడుస్తోందనీ, జాతరకు రాలేకపోయినందుకు నువ్వు చాలా బాధపడ్డావనీ, అమ్మను అడిగినట్టు చెప్పమన్నావనీ గడగడా చదివాను. కాగితం మీద ఒక్క అక్షరం కూడా లేదు అందులో. ఆమె తల ఊపుతూ విన్నది. "నా బిడ్డ బంగారం" అన్నది.

నువ్వు ఐదు నెలలు చేసిన పని నాకు ఐదు నిమిషాల్లో వచ్చేసింది. అందుకని నిన్ను మన్నించానని అనుకోకు. మన్నించలేదు.

ఏ మాటైనా చెప్పు, తట్టుకుంటానని మొదటి ఉత్తరంలోనే రాశాను. నా మొగుడు చచ్చిపోయాడని నాకు తెలియాల్సిన రోజు నువ్వు తీసేసుకున్నావు. ముఖం లేకపోతేనేం, చెయ్యి ఉంది కదా. నా పేరున్న చెయ్యి. ఆ చెయ్యి పట్టుకుని ఏడవడానికి నన్ను పిలవలేదు. గుప్పెడు ఇసుక నువ్వు వేశావు, ఊళ్ళో దారినపోయేవాళ్ళందరూ వేశారు. నేను వేయలేదు. నేను ఇక్కడ ఆయనకు అన్నం వడ్డిస్తున్నాను. లేనివాడి చొక్కాలు ఉతికి, వదులవుతాయేమోనని నవ్వుకున్నాను. శ్రీలంక మాట నేను అడగలేదు, నువ్వే పంపావు.

గంగమ్మ సంగతి ఊరు ఏమంటుందో నాకు భయం లేదు. మీ ఊరి నుంచి తిరిగొచ్చాక పోలేరయ్య మామకు నేనే చెబుతాను. పుట్టినిల్లు కామమ్మత్త తీసుకోనీ. కాని పుట్టింటికి నమ్మి వచ్చిన ఆడబిడ్డ బుగ్గలకు నేను అబద్ధం పూశాను. ఆమె చెవిలో చచ్చినవాణ్ణి పంపమని అడిగాను. ఆమె పాపం ఏం చేస్తుంది?

బుధవారం మేమిద్దరం వస్తున్నాం. తడ దాకా బస్సు, అక్కడ నుంచి సుధాకర్ బండి. దుర్గ ఇల్లు చూసొద్దాం అని అత్తకు చెప్పాను. అంతకంటే చెప్పలేదు. ఆమె హడావిడి చూస్తే నీకు తెలుస్తుంది. చలిమిడి చేసింది, నీకు చీర తీసింది, గంపకు కొత్త గుడ్డ కట్టింది. "జాతరకు రాలేకపోయింది గదా పాపం, సారె మనమే పోయి పెట్టొద్దాం" అంటోంది. ఆమెకు నేను చెప్పను. దారిలో ఎంత అడిగినా చెప్పను. నీ నోటితో నువ్వే చెప్పాలి, ఆ గంప ఆమె నెత్తి మీద నుంచి దించి చెప్పాలి.

నేను పూలు పెట్టుకుని, చేతి నిండా గాజులు వేసుకుని, ఆయనకిష్టమైన ఆకుపచ్చ చీర కట్టుకుని వస్తాను. నలుగురు ఆడవాళ్ళు చుట్టూ చేరి, పట్టుకుని, బొట్టు చెరిపి గాజులు పగలగొట్టే ఆ పని నాకు వద్దు. ఆయన దగ్గర కూర్చుని నా అంతట నేనే తీసుకుంటాను. ఎంతసేపు పడుతుందో తెలియదు. నన్ను తొందర పెట్టకండి.

మమ్మల్ని ఇంట్లోకి పిలవకు. కాళ్ళకు నీళ్ళివ్వకు. రోడ్డు మీదే నిలబడు, దిగగానే దిబ్బ వెనక్కి తీసుకుపో. రెండు ఉన్నాయన్నావు కదా, ఏది ఆయనదో తప్పు చెప్పకు. తల ఏ వైపు పెట్టారో గుర్తు తెచ్చుకుని ఉండు. నేను ఆ వైపు కూర్చోవాలి.

రోజా